180 గంటల అమానతు

వార్షిక పరీక్షలు ముగిశాయి. కళాశాలలకు వేసవి సెలవులు వచ్చాయి. ఈ రోజుల్లో మా వద్దకు వచ్చే తల్లిదండ్రులు పూర్వం ఒకే ప్రశ్న అడిగేవారు: పిల్లవాడిని సెలవుల్లో ఖుర్ఆన్ పారాయణానికి ఎక్కడ చేర్చాలి? ఇటీవల దానికి మరో ప్రశ్న తోడైంది. "మౌలానా గారూ! మావాడు డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేశాడు. సెలవుల్లో ఊళ్ళోకి వెళ్ళి సేవ చేయాలని, రిపోర్టు రాయాలని కాలేజీవాళ్ళు అంటున్నారు. డబ్బిస్తే ఆ రిపోర్టు రాసి, బైండింగు చేసి ఇచ్చేవాళ్ళున్నారట. వీడు ఈ రెండు నెలలూ దుకాణంలో కూర్చుంటే ఇంటికి నాలుగు రూపాయలు వస్తాయి. ఇందులో తప్పేమైనా ఉందా?"

తప్పుంది. అయితే ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. ప్రశ్న అడిగిన తండ్రి కపటి కాడు. కష్టపడి బిడ్డను చదివించుకుంటున్న మనిషి. కళాశాల అడుగుతున్నది ఏమిటో, ఎందుకో ఆయనకు ఎవరూ వివరించలేదు. కనుక ముందు ఆ సంగతి చూద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ చదువులో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. అందులో మొదటి మెట్టు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి సంవత్సరం ముగిశాక వేసవి సెలవుల్లో విద్యార్థి ఒక గ్రామాన్నో, వాడనో ఎంచుకొని కనీసం 180 గంటలు అక్కడి ప్రజల మధ్య పనిచేయాలి. ఇంటింటికీ వెళ్ళి వారి స్థితిగతులు తెలుసుకోవాలి. ఒక సమస్యను గుర్తించి దానిపై అవగాహన కల్పించాలి. ఏ రోజు ఏం చేశాడో లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. చివర నివేదిక సమర్పించాలి. మార్గదర్శకునిగా ఒక అధ్యాపకుడు ఉంటారు. దీనికి నాలుగు క్రెడిట్లు. ఇక జాతీయ సేవా పథకం మన రెండు రాష్ట్రాల కళాశాలల్లోనూ ఉంది. 1969లో 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైన ఆ పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది.

ప్రాజెక్టుకు అంశాలు ఎన్నో ఉన్నాయి. ఈ వేసవిలో పల్లెకు వెళ్ళే మన పిల్లలు "గ్రామ యువత" అన్న అంశాన్ని తీసుకోవాలని మా సలహా. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడికి తన ఈడు కుర్రవాడు మనసు విప్పి చెప్పినట్లు ఏ అధికారికీ చెప్పడు.

ఇరవై రాత్రుల శిక్షణ

యువకులు కొంతకాలం ఒకచోట నేర్చుకొని, దానిని మరొకచోటికి చేర్చే పద్ధతి మనకు కొత్తది కాదు. హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) తన అనుభవాన్ని స్వయంగా వివరించారు. అది సహీహ్ బుఖారీలో ఉంది. ఇంచుమించు ఒకే వయసు గల కొందరు యువకులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇరవై రాత్రులు అక్కడే ఉన్నారు. వారికి ఇంటిమీద బెంగ కలిగిందని ఆయన గ్రహించారు. వెనుక ఎవరెవరిని వదిలివచ్చారని అడిగి తెలుసుకున్నారు. ఇక తమవారి వద్దకు తిరిగివెళ్ళి, వారితో కలిసి ఉండి, నేర్చుకున్నది వారికి నేర్పమని ఆదేశించారు. ఆయన ఎంతో దయాళువు, మృదుస్వభావి అని మాలిక్ (రజి) ప్రత్యేకంగా చెప్పుకున్నారు.

ఈ ఉదంతంలో శిక్షణకు ఒక హద్దు ఉంది. శిక్షణ పొందుతున్నవారి మనస్సును గమనించే గురువు ఉన్నారు. నేర్చుకున్నది తన వద్దే ఉంచుకోకుండా సొంత ప్రజలకు చేర్చాలన్న బాధ్యత ఉంది. ప్రజలందరూ ఒకేసారి బయలుదేరనక్కరలేదని, ప్రతి వర్గం నుంచీ కొందరు వెళ్ళి ధర్మజ్ఞానం సంపాదించి, తిరిగివచ్చి తమవారిని హెచ్చరించాలని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో బోధించింది. ఆ ఆయతు ధర్మజ్ఞానానికి సంబంధించినదే. అయినా తెలిసినవాడు తెలియనివారికి ఋణపడి ఉంటాడన్న నీతి అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

"పల్లెలో మనవాళ్ళు రెండిళ్ళే ఉన్నారు, మిగతా ఊరితో మనకేం పని?" అని కొందరు అంటారు. దీనికి జవాబు దైవప్రవక్త (స) యౌవనంలోనే దొరుకుతుంది. ప్రవక్త పదవి లభించకముందు మక్కాలో అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది. ఒక పరదేశి వర్తకుని సరుకు తీసుకొని మక్కా పెద్దమనిషి ఒకడు డబ్బు ఎగవేశాడు. పీడితుడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు అందరం అతని పక్షాన నిలుద్దామని అక్కడ చేరినవారు ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞలో మన ప్రవక్త (స) పాల్గొన్నారు. ప్రవక్తగా నియమితులైన తరువాత కూడా, అలాంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వెళ్తానని ఆయన అన్నారు. ఆ సభలో కూర్చున్నవారు ముస్లింలు కారు, న్యాయం కోరినవాడూ ముస్లిం కాడు. మంచి పనికి సహకరించడానికి మన యువకుడు ఊరి కులమతాల లెక్క చూడనక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

పల్లెలో ఏం చూడాలి? ఏం చేయాలి?

సేవ అనగానే మన పిల్లలకు వీధులు ఊడ్చి ఫోటో దిగడం, ర్యాలీ తీసి నినాదాలివ్వడం గుర్తుకు వస్తాయి. పరిశుభ్రత విశ్వాసంలో భాగమే, కాదనము. అయితే ఊరి యువకుడికి అన్నిటికంటే కొరతగా ఉన్నది సమాచారం. ప్రభుత్వం ఏర్పరచిన అవకాశాలు అతని గడప దాకా రావు. వచ్చినా ఏ కాగితం పట్టుకొని ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియదు.

ఒక ఉదాహరణ చూడండి. 2014లో ప్రారంభమైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన పల్లెల్లోని పేద కుటుంబాల యువతకు ఉచితంగా వృత్తి శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించడానికి ఉద్దేశించినది. సాధారణంగా 15 నుంచి 35 ఏళ్ళ వయసువారు అర్హులు. ఆ పథకం మార్గదర్శకాలలో మైనారిటీలకు 15 శాతం వాటా కేటాయించారు. ఇది మన ఇళ్ళలో ఎందరికి తెలుసు? అలాగే బ్యాంకులు జిల్లాకొకటి చొప్పున నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ప్రారంభమైన సంస్థ వీటికి నమూనా. కుట్టుపని, సెల్‌ఫోన్ మరమ్మతు, ఇళ్ళ వైరింగు, పాడి వంటి పనులను అక్కడ వసతి, భోజనంతో సహా ఉచితంగా నేర్పుతారు. ఇంటర్ తప్పి ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్న కుర్రవాడికి ఈ మాట చెప్పి, దరఖాస్తు నింపి, మొదటిరోజు వెంట వెళ్ళి దించివస్తే, ఆ ఒక్క పని పది ర్యాలీలతో సమానం.

2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులకు వర్తిస్తుంది. దర్జీలు, వడ్రంగులు, తాపీ పనివారు, తాళాలు బాగుచేసేవారు అందులో ఉన్నారు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం ఇస్తారు. ఇక్కడ మన పల్లెల్లోని నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలను గుర్తుచేసుకోవాలి. ఇంట తెలుగే మాట్లాడే ఈ సోదరులు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టి బ్రతికినవారు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. పై పథకంలోని 18 వృత్తుల జాబితాలో దూదేకే పని లేదు. ఆ ఇంటి పెద్దాయన తన వృత్తి పేరుతో వెళితే తిరిగి రావలసిందే. అదే ఇంట్లో కుట్టుమిషను మీద పనిచేసే కుమారుడో, తాపీ పనికి వెళ్ళే తమ్ముడో ఉంటే వారికి అవకాశం ఉంది. ఈ తేడా కనిపెట్టడానికి గడపలో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే మనిషి కావాలి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళిన విద్యార్థి చేయగల పని సరిగ్గా ఇదే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇటువంటి పథకాలలో శిక్షణతోపాటు బ్యాంకు రుణం ప్రస్తావన వస్తుంది. శిక్షణ వేరు, వడ్డీతో కూడిన రుణం వేరు. నైపుణ్యం నేర్చుకోవడానికి ధర్మం అడ్డుచెప్పదు. వడ్డీని మాత్రం నిషేధించింది. కనుక మన విద్యార్థి తన సోదరునికి శిక్షణ చూపించి ఊరుకోకూడదు. పనిముట్ల సహాయం రుణం కాదని వివరించాలి. పెట్టుబడికి బైతుల్‌మాల్ నుంచో, బంధువుల నుంచో వడ్డీలేని అప్పు దొరికే దారి వెతకడంలో తోడుండాలి. అది కూడా సేవలో భాగమే.

లాగ్‌బుక్ ఒక సాక్ష్యం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొనుక్కున్న రిపోర్టులో తప్పేమిటి?

లాగ్‌బుక్‌లో ప్రతి పుటా ఒక సాక్ష్యమే. ఫలానా తేదీన, ఫలానా ఊరిలో, ఇన్ని ఇళ్ళు తిరిగానని విద్యార్థి సంతకం చేసి చెబుతున్నాడు. వెళ్ళకుండానే వెళ్ళానని రాస్తే దానిని అబద్ధపు సాక్ష్యమనక మరేమంటాము? దైవప్రవక్త (స) ఘోర పాపాలను పేర్కొంటూ, అంతవరకు ఆనుకొని కూర్చున్నవారు ఈ పాపం దగ్గరకు రాగానే లేచి నిటారుగా కూర్చున్నారని, ఇక చాలించి విశ్రమిస్తే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను మళ్ళీమళ్ళీ చెప్పారని హజ్రత్ అబూ బక్రా (రజి) తెలిపారు. అంతటి హెచ్చరిక ఉన్న విషయాన్ని "కాలేజీ కాగితమే కదా" అని తీసిపారేయడం తగునా?

ఈ అబద్ధం వల్ల నష్టం ఎవరికి? విద్యార్థికి మార్కులు వస్తాయి, తండ్రికి రెండు నెలల సంపాదన మిగులుతుంది, రాసిపెట్టినవాడికి రుసుము ముడుతుంది. ముగ్గురూ లాభపడినట్లే కనిపిస్తారు. నాలుగో మనిషి ఒకరున్నారు. ఆ ఊళ్ళో ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆడపిల్ల ఉంది. ఇల్లు కదలలేని వృద్ధురాలికి పింఛను ఆగిపోయింది. ఒక కుర్రవాడు గుట్కాకు బానిస అవుతున్నాడు. ఇంటింటికీ తిరిగి ఉంటే వారు కనిపించేవారు. ఎవరో ఊహించి నింపిన అంకెలలో ఆ ఊళ్ళో బడి మానేసినవారు ఎవరూ లేరు, పింఛను అందనివారు ఎవరూ లేరు. దొంగ సర్వే వారిని లెక్కలోంచి చెరిపేసింది. అందువల్లనే దీనిని అమానతు అంటున్నాము. ఆ 180 గంటలు విద్యార్థి చేతిలో ఉంచిన ఆ ఊరి సొమ్ము.

ఇంకొక నష్టం మన ఇంట్లోనే జరుగుతుంది. పద్ధెనిమిదేళ్ళ వయసులో, తండ్రి ఇచ్చిన డబ్బుతో, తల్లికి తెలిసి, కుమారుడు తన జీవితంలో మొదటి దొంగ ధ్రువపత్రం కొంటాడు. రేపు అతడు కార్యాలయంలో బల్ల వెనుక కూర్చున్నప్పుడు, కాగితానికి ధర ఉంటుందన్న పాఠాన్ని ఇంట్లో నేర్చుకున్నవాడై ఉంటాడు.

ఇక సంపాదన మాట. కుటుంబానికి ఆసరాగా ఉండడం పుణ్యకార్యమే. దుకాణం మానుకోమని మేము అనడం లేదు. 180 గంటలను అరవై రోజులకు పంచితే రోజుకు మూడు గంటలే. శుక్రవారాలు మినహాయించుకున్నా ఇంచుమించు మూడున్నర గంటలే. వేసవిలో పల్లె జనం తెల్లవారుజామునే ఉపాధి పనికి వెళ్తారు. మధ్యాహ్నం ఎండకు ఎవరూ బయటకు రారు. తీరికగా మాట్లాడేది సాయంత్రమే. మే నెలలో మన ప్రాంతంలో అస్ర్ నుంచి ఇషా వరకు ఇంచుమించు మూడు గంటల వ్యవధి ఉంటుంది. పగలు దుకాణంలో కూర్చుని సాయంత్రం దగ్గరి ఊరికి వెళ్ళి, మగ్రిబ్ అక్కడి మస్జిదులోనో, మస్జిదు లేకపోతే ఎవరి అరుగు మీదనో చేసుకొని తిరిగిరావచ్చు. అప్పుడు దుకాణమూ సాగుతుంది, మాట కూడా నిలుస్తుంది.

గడప దగ్గరి మర్యాద

సర్వేకు వెళ్ళే విద్యార్థికి కళాశాల ప్రశ్నావళి ఇస్తుంది. మర్యాదలు మాత్రం ఇంటి నుంచి వెళ్ళాలి. ఇతరుల ఇంటికి వెళ్ళినప్పుడు అనుమతి కోరి, సలాం చేసి గాని ప్రవేశించవద్దని, వెళ్ళిపొమ్మంటే నొచ్చుకోకుండా వెనుదిరగమని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశించింది. మూడుసార్లు అనుమతి అడిగినా జవాబు రాకపోతే తిరిగిపోవాలని హదీసు నేర్పింది. సర్వేకు వెళ్ళేవారికి ఇంతకంటే మంచి నియమావళి మాకు తెలియదు. తలుపు తీయని ఇంటిని "జవాబు ఇవ్వలేదు" అని రాసుకోవాలి. సొంతంగా జవాబు కల్పించరాదు.

అప్పు ఎంత, ఆదాయం ఎంత, ఇంట్లో ఎవరు తాగుతారు వంటి సంగతులు సర్వేలో బయటపడతాయి. అవి నివేదికకు అవసరమైన మేరకు, పేర్లు లేకుండా ఉండాలి. పక్కింటి అరుగు మీద కూర్చుని చెప్పుకోవడానికి కావు. కూపీలు లాగడాన్ని, చాటున నిందించడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. ఎవరికైనా పుస్తకాలో, బియ్యమో ఇప్పించినప్పుడు వారిని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయవద్దు. చేసిన మేలును ఎత్తిచూపి మనసు నొప్పిస్తే దానం వ్యర్థమవుతుందని మనం చదువుతూనే ఉన్నాము. కళాశాలకు ఆధారం కావాలంటే చేసిన పని ఫోటో తీస్తే చాలు. పుచ్చుకున్నవారి ముఖం అక్కరలేదు.

పిల్లలకు ఖుర్ఆన్ నేర్పడం, నమాజు నేర్పడం వంటివి మన విద్యార్థి తప్పక చేయాలి. ఎన్నో పల్లెల్లో మస్జిదు ఉన్నా నేర్పేవారు లేరు. అయితే ఆ సమయాన్ని కళాశాల 180 గంటలలో కలిపి రాయకూడదు. అల్లాహ్ కోసం చేసిన దానిని ఆయన లెక్కలోనే ఉంచుకోవాలి.

ఆడపిల్లల సంగతి

కుమార్తెలను పంపడానికి తల్లిదండ్రులు సంకోచిస్తారు. ఆ సంకోచంలో బాధ్యత ఉంది, దానిని తప్పుపట్టము. కాని సంకోచానికి పరిష్కారం దొంగ రిపోర్టు కాదు. దూరపు పల్లెకే వెళ్ళాలన్న నియమం లేదు. సొంత వాడనే ఎంచుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు సహాధ్యాయినులు కలిసి, వెలుగుండగానే, తండ్రో అన్నో తోడుండగా వెళ్ళిరావచ్చు. ఆ సంగతి ముందుగానే అధ్యాపకులతో మాట్లాడుకోవాలి.

మన ఆడపిల్ల వెళ్ళగలిగిన చోటికి అబ్బాయి వెళ్ళలేడు. వంటింట్లో కూర్చుని ఇల్లాలితో మాట్లాడి, రక్తహీనత గురించి చెప్పడం, చదువు ఆగిపోయిన అమ్మాయికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయవచ్చని తెలియజేయడం, పాసుపుస్తకంలో అంకెలు చదవడం నేర్పడం ఆమెకే సాధ్యం. హజ్రత్ షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) దైవప్రవక్త (స) వెంట ఏడు యుద్ధాలలో పాల్గొని క్షతగాత్రులకు, రోగులకు సేవచేశారు. మర్యాదా, సేవా రెండూ వారిలో కలిసే ఉన్నాయి.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

పిల్లవాడు మొదటిరోజు తిరిగివచ్చి "ఎవరూ మాట్లాడలేదు" అని నిరుత్సాహపడితే నవ్వకండి. వారం రోజులు ఓపిక పట్టమనండి. ప్రతి రాత్రీ లాగ్‌బుక్ తెచ్చి మీ ఎదుట చదవమనండి. చదువురాని తల్లి అయినా సరే, ఈ రోజు ఎవరి ఇంటికి వెళ్ళావు, ఏం తిన్నారు, ఏం చెప్పారు అని అడిగితే చాలు. తల్లికి చెప్పవలసి ఉంటుందన్న ఆలోచన అబద్ధానికి సగం తాళం వేస్తుంది. ఎండకు తలపై గుడ్డ, చేతికి నీళ్ళసీసా ఇవ్వండి. ప్రాజెక్టు ముగిశాక ఆ ఊరిని మరచిపోనివ్వకండి. రెండో సంవత్సరంలో కూడా ఆ కుర్రవాడు శిక్షణలో నిలిచాడా, ఆ అమ్మాయి పరీక్ష ఫీజు కట్టిందా అని ఫోను చేయించండి.

హజ్రత్ మూసా (అలై) మద్యన్ చేరినప్పుడు అలసిన పరదేశి. ఆయన ముందు చేసిన పని, బావి దగ్గర దూరంగా నిలబడిన ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు తోడిపెట్టడం. జీతం అడగలేదు. ఆ తరువాతే ఆయనకు ఆశ్రయం దొరికింది, ఉద్యోగం దొరికింది, కుటుంబం ఏర్పడింది. పనిలో పెట్టుకోవడానికి ఆయన ఎందుకు తగినవారో ఆ యువతి తన తండ్రికి చెబుతూ రెండు గుణాలను పేర్కొన్నది: బలం, విశ్వసనీయత. మన పిల్లల బలాన్ని పెంచడానికి మనం ఎన్నో కోచింగులకు డబ్బు కడుతున్నాము. రెండోదానిని నేర్చుకునే అవకాశం ఈ వేసవిలో రుసుము లేకుండా మన గుమ్మం ముందుకు వచ్చింది. దానిని డబ్బిచ్చి పోగొట్టుకోవద్దు.

మన యువకులకు, యువతులకు నిజం రాసే చేతిని, ఇతరుల బాధ వినే చెవిని అల్లాహ్ ప్రసాదించుగాక! వారి అడుగు పడిన ప్రతి ఊరికీ మేలు కలుగజేయుగాక! ఆమీన్.